బాత్‌రూం కింది బాయి

"అమ్మమ్మా, అందరిండ్లల్ల బాయి వాకిట్ల ఉంటది. మీకు నడి ఇంట్ల ఉన్నదేంది? మా దోస్తులకు చెప్తె నమ్ముతలేరు. జర నువ్వే చెప్పు, ఫోన్ల రికార్డు చేస్త."

ఫోన్ల పడుతదా నా మాట? గట్టిగ మాట్లాడాల్నా? సరె తియ్యి. గా స్టీలు గ్లాసు పక్కకు జరుపు, సప్పుడైతది. ఆఁ, ఏమడిగినవ్? బాయి. బాయి ముచ్చట ఒక్క మాటల ఒడిసేది కాదు బిడ్డా. మొదటి నుంచి చెప్త, నడుమ నడుమ అడ్డం రాకు.

ఇప్పుడు బాయున్న జాగల అప్పుడు బాత్‌రూం ఉండె. బాత్‌రూమంటె మీ భూపాలపల్లి క్వార్టర్ల లెక్క తెల్లటి టైల్సు అనుకునేవు. నాలుగు గోడలు, మీద రేకు, కింద బండలు, ఒక నల్ల. గంతే. మా మామ కట్టించిండు, అంటే మీ తాతోళ్ల నాయిన. నేను పెండ్లయి ఈ మానుకోటకు వచ్చేటాళ్లకే ఉన్నది. వంటింటి గోడకు ఆనుకొని బాత్‌రూం, దానికి ఇటు పక్క మా అత్త పండుకునే అర్ర. అటు గోడ వంటింటికి ఉమ్మడి, ఇటు గోడ అర్రకు ఉమ్మడి. రాళ్లు పేర్చి మట్టి మెత్తిన గోడలు. అది యాదిల పెట్టుకో.

నల్ల కారుతుండె. చాన దినాల సంది కారుతుండె. కిందికి బొక్కెన పెట్టుడు, నిండంగనే తీసుడు, గట్లనే నడుపుకుంటొచ్చినం. తర్వాత నల్ల కింద బండ ఒకటి కుంగింది. నేను తానం చేస్తుంటె కాలు పక్కకు జారె. మీ తాతకు చెప్తె ఆయన కుట్టుమిషను మీదికెళ్లి తల ఎత్తకుంటనే, "పూటపని. సుతారి ఐలయ్యను పిలుస్త, బండ లేపి సరిగ్గ పరుస్తడు" అన్నడు. పూటపని! ఆ మాట ఇప్పటికీ యాదికొస్తె నవ్వొస్తది నాకు.

మీ తాత టైలరు, ఎరుకే గదా. బజార్ల దుకాణం. ఆ దినాలల్ల దుకాణం సగం దినాలు బందే. తెలంగాణ కొట్లాట బిడ్డా. ఇయ్యాల రాస్తరోకో, రేపు రైలు పట్టాల మీద కూసునుడు, ఎల్లుండి ధూంధాం. ఎక్కడ సూడు టెంట్లు, ఎక్కడ సూడు డప్పులు. సినిమాలల్ల మన మాట మాట్లాడితె దొంగోడన్న అయితడు, పనోడన్న అయితడు, జనం నవ్వుతుండె. గసొంటి మాటనే మైకులల్ల మోగుతుంటె వినుకుంట నిలవడేటోళ్లం, చేతుల పని మర్సిపోయి. మనమేనా గిట్ల మాట్లాడేది అనిపించేది.

ఇగ సమ్మె మొదలయింది. అందరు సమ్మెల ఉన్నరు. మీ మామ రవి బస్సు డిపోల మెకానిక్కు, వాడు ఇంట్లనే. మీ నాయిన సమ్మయ్య బొగ్గుబాయిల పనిచేస్తుండె, ఆయన బాయి కూడ బందే. జీతం లేకపాయె, క్వార్టర్ల కూసుండి ఏంజేస్తరని నేనే కబురు పెట్టిన. మీ అమ్మ సుజాత, మీ నాయిన, నువ్వు వచ్చిన్రు. నువ్వు గింత పోరివి. అప్పుడప్పుడే పరుగులు నేర్సినవ్. నిన్ను పట్టుడు ఎవలతోని కాకపోతుండె.

పొద్దుగాల ఇద్దరు టెంటు కాడికి పోయి కూసునేటోళ్లు, మధ్యాహ్నం ఇంటికొచ్చేటోళ్లు. మధ్యాహ్నం నుంచి పనేముంది? ఒకడు ఎప్పుడు స్పానర్లు పట్టేటోడు, ఒకడు ఎప్పుడు భూమి కింద తవ్వేటోడు. చేతులు ఊకుంటయా? ఐలయ్య వచ్చి బండ లేపుతుంటె ఇద్దరు పోయి ఆయన పక్కన కూసున్నరు. "గీ పక్క బండ కూడ కదులుతున్నదన్నా, ఇది కూడ లేపుదాం" అని మీ మామ. "పైపు తుప్పువట్టింది, మొత్తం తీసేద్దాం" అని మీ నాయిన. పూటపని రెండో దినానికి పోయింది. మూడో దినం కూడ పట్టిందనుకుంట. నేను వంటింట్లకెళ్లి మొత్తుకుంటనే ఉన్న, మాకు తానాలెట్లరా అయ్యా అని. మీ తాత నవ్వుతుండె.

ఆ దినం ఐలయ్య గడ్డపారతోని నడిమి బండను కొట్టిండు. "అన్నా, సప్పుడు డొల్లగొస్తున్నది" అన్నడు. మీ నాయిన చెవి బండకు ఆనిచ్చి విన్నడు. ఆయనకు అలవాటు, బొగ్గుబాయిల పైకప్పు కొట్టి వింటరట గదా, ఏడ గట్టిగున్నది ఏడ లేదని. "కింద ఖాళీ ఉన్నది" అన్నడు. ఐలయ్య బండ సందుల గడ్డపార దూర్చి ఒక్క ఊపు ఊపిండు. గడ్డపార చేతులకెళ్లి జారింది. జారి, పోయింది. ఇగ కనవడలే.

మేమందరం ఒకరి మొకం ఒకరం సూసుకున్నం. జరసేపటికి కిందికెళ్లి వచ్చింది సప్పుడు. బుడుంగుమని.

ఇన్నేండ్లు ఆ బండల మీద నిలవడి తానం చేసిన నేను. పిల్లలకు తలంటు పోసిన. బాలింతప్పుడు ఆడనే కూసున్న. నా కాళ్ల కింద గంత లోతుల నీళ్లున్నయని నాకెరుక లేదు.

మీ తాత ఒంగి సందులకు సూసిండు. "బాయి... పూడిపిచ్చినమన్నడు గదా నాయిన" అన్నడు. చిన్నప్పుడు ఇంట్ల చేదబాయి ఉండేదట. ఈయన వరంగల్లుకు కుట్టుపని నేర్సుకోను పోయినప్పుడు ఇంటి ముందటికి నల్ల వచ్చిందట. మా మామకు నల్లంటె గొప్ప. వాడకట్టుల మొదటి నల్ల మాదే అని తిరిగి తిరిగి చెప్పుకుంటుండెనట. ఇగ బాయితోని పనేంది అని, ఈయన తిరిగొచ్చేటాళ్లకు దాని మీద బాత్‌రూం లేపిండు. పూడిపిచ్చినమని చెప్పిండు. నిజానికి పూడ్సలే. పెద్ద పెద్ద బండలు కప్పి మీద గచ్చు చేసి వదిలేసిండు.

మేం గిట్ల గుసగుస మాట్లాడుకుంటుంటె పక్క అర్రకెళ్లి మా అత్త పిలిచింది. మా అత్త రామవ్వ, నీకు యాదికుండదు. అప్పటికి రెండేండ్ల సంది మంచంలనే. ఒక దిక్కు కాలు చెయ్యి పడిపోయినయి. మాట ముద్ద ముద్దగ వస్తుండె, ఎప్పుడో అవసరముంటె తప్ప మాట్లాడకపోతుండె. గసొంటిది గోడవతలికెళ్లి గట్టిగ అడిగింది.

"తాబేలు ఉన్నదా? సూడుండ్రి, తాబేలు ఉన్నదా?"

మతి తప్పి మాట్లాడుతున్నదనుకున్నం. నేను లోపటికి పోయి, "ఏం తాబేలు అత్తా?" అన్న. నా చెయ్యి పట్టుకున్నది, మంచిగున్న చెయ్యితోని. గట్టిగ పట్టుకున్నది. అప్పుడు చెప్పింది, ఆగుకుంట ఆగుకుంట. ఆమెది జనగామ దిక్కు. ఆ దిక్కు నీళ్లకు కరువు, చెర్లు ఎండుతయి. ఆమె పెండ్లయి వచ్చేటప్పుడు వాళ్ల ఊరి చెరువు ఎండుతుంటె, బురదల చిక్కిన తాబేలు పిల్లను తెచ్చుకున్నదట, కుండల పెట్టుకొని, ఎడ్లబండి మీద. అత్తగారింటి బాయిల ఇడిసిందట. బాయిల తాబేలుంటె నీళ్లు తేటగుంటయని అప్పటోళ్ల నమ్మకం. పొద్దున నీళ్లు చేదంగ పైకొచ్చేదట, మెతుకులేస్తె తినేదట. తల్లిగారి దిక్కు నుంచి వచ్చిన పానం ఆ ఇంట్ల అదొక్కటే అన్నది. బాయి మూస్తుంటె దాన్ని బయటికి తియ్యుమని మామ కాళ్లు మొక్కిందట. "తీసి చెరువుల ఏసిన" అని చెప్పిండట ఆయన. ఈమె నమ్మలే. కని అడిగేటందుకు లేదు గదా, మొగోని మాట.

ఇగ ఇప్పుడు నేను చెప్పేది విను స్వాతీ. నేను కొత్తకోడలుగ వచ్చినప్పటి సంది మా అత్తకు ఒక అలవాటుండె. వంటింట్ల మూలకు రెండు బండల నడుమ సందు ఉండె, గీ రెండేళ్లు పట్టేటంత. తిన్నంక ఒక్క పిడికెడు మెతుకులు ఆ సందుల ఏసేది. పొద్దుమాపు. నేను అనేది, "ఏందత్తా, ఎలుకలు రావా? బంగారమసొంటి బువ్వ" అని. మాట్లాడకపోయేది. ఆమె మంచంల పడ్డంక నన్ను అడిగేది. వేరే ఏదీ అడగకపోయేది గని అదొక్కటి అడిగేది, "మెతుకులేసినవా?" అని. ముసలామె మనసెందుకు కష్టపెట్టాలె అని నేనే ఏసేదాన్ని. ఎందుకేస్తున్ననో ఎరుక లేకుంట ఏసేదాన్ని.

ఆ సందు కింద బాయి ఉన్నది బిడ్డా.

బతికి ఉన్నదో లేదో ఎరుక లేకుంట నలబయ్యేండ్లు దాటె, ఆమె దానికి బువ్వ పెడుతున్నది. మొగనికి చెప్పలే, కొడుకుకు చెప్పలే, నాకు చెప్పలే.

తెల్లారి మీ నాయిన ఇంకో రెండు బండలు పక్కకు జరిపిండు. లోపట చీకటి. కందీలు ముట్టించి తాడుకు కట్టి దింపిండు. మూసిన బాయిల చెడ్డగాలి ఉంటది, దీపం ఆరిపోతె మనిషి దిగొద్దని చెప్పిండు. దీపం సన్నగయింది గని ఆరలే. కని ఏం కనవడుతలేదు, నల్లగ మెరుస్తున్నది గంతే. అప్పుడు మీ మామ రవికి ఆలోచన తట్టె, బాపు దుకాణంల నిలువుటద్దం ఉన్నది గదా అని. అంగి తొడుక్కొని సూసుకునే అద్దం. ఇద్దరు కలిసి మోసుకొచ్చిన్రు. వాడకట్టోళ్లు ఎనక ఎనక వచ్చిన్రు, అద్దమెందుకు మోస్తున్నరో సూద్దామని. బాత్‌రూం మీది రేకు తీసేసిన్రు. పొద్దు నెత్తి మీదికొచ్చిన యాల్లకు అద్దాన్ని గోడ మీదికి ఎత్తి పట్టి, మూరడు ఇటు జరుపు, జానెడు అటు వంచు అనుకుంట, ఎండను పట్టి బాయిల ఏసిన్రు.

అబ్బ. ఏం చెప్పాలె. ఒక్కసారి లోపట పగలయింది. రాళ్లు బిడ్డా, గుండ్రంగ, ఒక రాయికి ఒక రాయి ఒత్తుకొని, సున్నం లేదు సిమిటి లేదు, ఇయ్యాల కట్టినట్టున్నయి. దిగేటందుకు పక్కకు మెట్లు పొడుసుకొచ్చి ఉన్నయి. రాళ్ల సందులల్ల పచ్చటి ఆకులు. చీకట్ల ఎట్ల పచ్చగున్నయో. అడుగున నీళ్లు, ఎండ పడంగనే ఆ వెలుగు తిరిగి పైకొచ్చి చుట్టు గోడల మీద ఆడుతున్నది. ఇది మా ఇంట్లనేనా అనిపిచ్చింది. కొబ్బరికాయ తేండ్రి అని ఎవరో అన్నరు. ఎవ్వలు కదలలే.

"నన్ను తీస్కపోండ్రి" అని మా అత్త ఒకటే లొల్లి. సగం ఏడుపు. మీ తాత వద్దన్నడు, ఎండ కొడుతదన్నడు. నేనే రవిని పిలిచి, "మంచంతోనే ఎత్తుండ్రిరా" అన్న. నలుగురు పట్టి మంచాన్ని అర్రలకెళ్లి తెచ్చి బాత్‌రూం దర్వాజ ముందు, వాకిట్ల దించిన్రు. మీ నాయిన ఆమెను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొని బాయి అంచు దాక తెచ్చిండు. ఆమె ఒంగి సూసింది. మంచిగున్న చేతిల మెతుకులు ఉన్నయి, ఎప్పుడు పట్టుకున్నదో. ఇడిసింది.

నీళ్లు కదిలినయి. జరసేపు ఏం లేదు. తర్వాత కింద నల్లగ, గుండ్రంగ, తాంబాళమంత, నిమ్మళంగ పైకొచ్చింది. మెడ బయట పెట్టింది. మెతుకు నోట్ల పట్టింది.

సుతారి ఐలయ్య నెత్తి రుమాలు తీసి చేతుల పట్టుకొని నిలవడ్డడు. మా అత్త ఏడ్వలే, నవ్వలే. "ఉన్నవా" అన్నది. గంతే. ఎదురింటి మనిషి చాన రోజులకు కనవడితె అడిగినట్టు.

మీ నాయిన ఆమెను తెచ్చి మంచంల పండవెట్టిండు. ఇగ లోపటికి మోసుకపోదామని రవి మంచం కోడు మీద చెయ్యేసిండు. అప్పుడు... కొట్టినట్టు సప్పుడు కాదు, నానిన బస్తా కిందికి జారినట్టు సప్పుడు. అర్ర గోడ కూలింది. బాత్‌రూం దిక్కుది. నల్ల కారి కారి లోపల లోపల నానిందో, బండలు తీసినందుకు పట్టు తప్పిందో. మట్టి, రాళ్లు, మీదికెళ్లి గూనపెంకలు, వాసాలు, అన్ని కలిసి అర్రల పడ్డయి. ఎక్కడ? రెండేండ్ల సంది ఆమె మంచమున్న జాగల. దుమ్ము నిమ్మళించినంక సూస్తె మంచం కోళ్లు నేల మీద చేసిన గుర్తులు కనవడుతలేవు, అంత కుప్ప.

మీ తాత ఆ కుప్పను సూసిండు, వాకిట్ల మంచం మీదున్న తల్లిని సూసిండు. పోయి ఆమె పాదాలు పట్టుకొని కూసున్నడు. ఆ మనిషి ఏడ్వంగ నేను సూసింది అప్పుడే.

దాన్నేమనాలె నువ్వే చెప్పు. దేవుడనాల్నా, తాబేలనాల్నా. నాకైతె ఇప్పటికి సమజ్ కాలే.

ఇగ చూడు మా కథ. నల్ల బాగుచేద్దామని మొదలువెట్టినోళ్లకు నల్ల లేదు, బాత్‌రూం లేదు, అర్ర లేదు, వంటింటి గోడకు పర్రె ఇచ్చింది. సిమిటి తెద్దామంటె దుకాణాలు బంద్. ఇటుక తెద్దామంటె లారీలు బంద్. తానాలకు ఎదురింటికి, పక్కింటికి బొక్కెన పట్టుకొని పోవుడు. మా అత్తను ముందు అర్రల పండవెట్టి మేం అరుగు మీద.

మీ తాతకు భయం పట్టింది. నీ గురించే. నోరు తెర్సిన బాయి, ఇంట్ల ఉరికే పోరి. నిన్ను మీ అమ్మ చీరతోని నడుముకు కట్టి మంచం కోడుకు కట్టేసిండు, నవ్వకు, నిజంగనే. నువ్వు మంచాన్ని గుంజుకుంట తిరిగినవ్. "మొరం పోసి పూడ్సుతం. అయ్య చెయ్యని పని నేను చేస్త. తాబేలును చెరువుల ఇడుస్తం" అన్నడు. ట్రాక్టరుకు చెప్పిండు. మా అత్త వినుకుంట మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. రవికి, మీ నాయినకు పూడ్సబుద్ధి లేదు, కని నిన్ను సూపెట్టి మాట్లాడుతుంటె వాళ్లేమంటరు? రోజు ట్రాక్టరు కోసం సూసుడు. రోజు ఏదో ఒక బంద్. అది రాలే.

ఆ లోపు కరెంటు పోవుడు మొదలయింది. బొగ్గు బాయిలు బందాయె, కరెంటు ఏడికెళ్లి వస్తది? పూటలకు పూటలు లేకపోతుండె. కరెంటు లేకుంటె బోర్లు నడువయి. ట్యాంకు నిండది, నల్లలు రావు. మానుకోట మొత్తం బిందెలు పట్టుకొని తిరుగుడు. అప్పుడు అందరి కండ్లు మా ఇంటి మీద పడ్డయి. తాడు, బొక్కెన ఉంటె సాలు, కరెంటుతోని పని లేని నీళ్లు మాకే ఉన్నయి. మీ తాత సుత, ట్రాక్టరొచ్చే దాక వాడుకోండ్రి అన్నడు.

కని ఆ నీళ్లు అట్లనే తాగేటట్టు లేవు గదా, ఏండ్ల మురుగు. టెంటు కాడి పిలగాండ్లు వచ్చిన్రు, డిపో వాళ్లు, పంతుళ్లు, ఆఫీసుల పనిచేసేటోళ్లు, సమ్మెల ఉన్నోళ్లంత. గిరక కట్టిన్రు. వంతులేసుకొని తోడిన్రు, పాటలు పాడుకుంట తోడిన్రు. తాబేలును తీసి గంగాళంల పెడితె మా అత్త దాని మీద చెయ్యేసి కూసున్నది. అడుగు దాక తోడినంక మీ నాయిన దిగిండు. నడుముకు తాడు. మీ అమ్మ తాడు కొస పట్టుకొని కండ్లు మూసుకున్నది. బురద తీసి బొక్కెనలల్ల పైకి పంపిండు. ఐలయ్య గడ్డపార వచ్చింది, ఎన్నడో బాయిల పడ్డ మా అత్త చెంబులు వచ్చినయి, సొట్టలువడి. తర్వాత చానసేపు ఏ సప్పుడు లేదు. "సమ్మయ్యా! ఓ సమ్మయ్యా!" అని పిలుస్తె పలుకుతలేడు. నా పానం పోయింది. ఆఖరికి, "ఉన్న అత్తా. ఊట వస్తున్నది. సూస్తున్న" అన్నడు.

పైకొచ్చినంక చెప్పిండు. అడుగున రాయి పర్రెకెళ్లి నీళ్లు ఇసుకను తోసుకుంట, బుడబుడమని వస్తున్నయట. పాదాల కింద సల్లగ. "మా బాయిల గిట్ల నీళ్లు కనవడితె పానాలు అరచేత పట్టుకొని ఉరుకుతమత్తా. నీళ్లంటె సావే ఆడ. ఇన్నేండ్లు భూమిల దిగిన, నీళ్లను సూసి కూసున్నది ఇదే మొదలు" అన్నడు. ఒంటి నిండ బురద, కండ్లు మాత్రం మెరుస్తున్నయి. అట్ల మీ నాయినను నేను మళ్ల సూడలే.

నీళ్లు ఊరినయి. బ్లీచింగు మందు ఏసి మళ్ల తోడిన్రు. తేటయినంక తాబేలును మళ్ల బాయిల ఇడిసినం. తర్వాత తాగి సూస్తె, కొబ్బరి నీళ్లు అంటరు గదా, గట్ల కాదు. నీళ్లే. ఉత్త నీళ్లు. అంత మంచిగుంటయని మర్సిపోయి ఉన్నం.

ఆ వారంలనే మా గల్లీ మూల మీద, మెయిన్ రోడ్డుకు, వంటావార్పు పెట్టిన్రు. రోడ్డు మీదనే పొయ్యిలు. చుట్టు ఊర్లకెళ్లి జనం. గార్ల దిక్కు నుంచి, గూడూరు అడివంచు తండాలకెళ్లి లంబాడోళ్లు, ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు. అంత మందికి నీళ్లు? మా ఇంట్లకెళ్లే. కూలిన గోడ దారయింది. ఒక దిక్కు నుంచి వచ్చుడు, బిందె నింపుకొనుడు, కూలిన దిక్కుకెళ్లి గల్లీలకు పోవుడు. పొద్దందాక. ఎవలో ఏందో ఎరుక లేదు, అందరు మా వంటింట్లకెళ్లి పోతున్నరు. "అవ్వా, జర పక్కకు" అనుకుంట నా పొయ్యి పక్కకెళ్లి పోతున్నరు. గిరక మోత ఆగలే. నేను మాటిమాటికి ఒంగి సూస్తున్న, నీళ్లు ఎంత తగ్గినయని. తగ్గుడు, మళ్ల ఊరుడు. బిడ్డా, అంత మంది తాగిన్రు. నాకు ఆ జనాన్ని సూడాల్నో ఆ నీళ్లను సూడాల్నో అర్థం కాలే.

గూడూరు దిక్కు తండా నుంచి వచ్చిన ఒక పెద్దామె, కమిలి అని, చేతి నిండ గాజులు, నీళ్లు చేదుకుంట మంచానికి కట్టేసిన నిన్ను సూసింది. "పిల్లనెందుకు కట్టేసిన్రు?" అన్నది. మీ తాత చెప్పిండు, బాయిల పడుతదని, ట్రాక్టరొస్తె పూడ్సుతమని. ఆమె వాళ్ల భాషల పక్కోళ్లతోని ఏందో అన్నది, అందరు మీ తాతను సూసిన్రు. "అన్నా, మా తండాల నీళ్లకు గుట్ట దిగి ఎక్కుతం" అన్నది తెలుగుల. "గోడ కట్టుకో అన్నా. రాళ్లు గీడనే ఉన్నయి గదా."

గంతే అన్నది. కూలిన కుప్పలకెళ్లి ఒక రాయి తీసి బాయి అంచుకు పెట్టి, బిందె ఎత్తుకొని పోయింది. ఆమె ఎనక వచ్చినామె ఇంకోటి పెట్టింది. ఇగ వచ్చినోళ్లు వచ్చినట్టు, బిందె నింపుకునుడు, ఒక రాయి పెట్టుడు. ఐలయ్య ఊకుంటడా, రంగంల దిగిండు, మట్టి కలిపిండు, వరుస సరిచేసిండు. పొద్దుమీకేటాళ్లకు మీ తాత నడుమంత ఎత్తు గోడ లేసింది. ఏ రాళ్లైతె మా అత్త మీద పడాల్సి ఉండెనో ఆ రాళ్లే. మీ తాత వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి ఊపి సూసిండు. కదల్లే. సక్కగ పోయి నీ నడుము కట్టు ఇప్పిండు. ట్రాక్టరు మాట మళ్ల ఎత్తలే.

తెల్లారి మా అత్త నన్ను పిలిచింది. "పోస్తవా నీళ్లు?" అన్నది. రెండేండ్ల సంది మంచంలనే తడిగుడ్డతోని తుడుసుడు, గంతే ఆమె తానం. నేను, మీ అమ్మ పట్టుకొని బాయి గోడ పక్కన బండ మీద కూసోవెట్టినం. మీద కప్పు లేదు, చుట్టు చీరలు కట్టినం. ఎండ పడుతున్నది. కాగవెడుతనంటె వద్దన్నది. మీ అమ్మ చేదుతున్నది, నేను పోస్తున్న. మొదటి చెంబుకు ఒణికింది. రెండో చెంబుకు కండ్లు మూసింది. తెల్లటి ఎంటికలు నీళ్లకు అతుక్కొని, ముడుతల మీదికెళ్లి నీళ్లు జారుతుంటె, ఆమె మొకం ఎట్లయిందో తెలుసా? పెండ్లి పోరి మొకం. ఆ ఎడ్లబండి మీద కుండ పట్టుకొని కూసున్న పోరి నాకు కనవడ్డది. "ఇంక పొయ్యి, ఇంక పొయ్యి" అంటనే ఉన్నది. మీ అమ్మ చేతులు నొప్పి పుట్టినయి, కని ఆపలే.

తర్వాత? తర్వాత ఏముంటది. సమ్మె ఆగింది, మీ నాయిన బొగ్గుబాయికి పోయిండు, మీ మామ డిపోకు పోయిండు. ఇంటి పని మాత్రం ఆగలే. బాయిని నడుమ పెట్టి ఆకాశం దిక్కు తెరిపి వదిలినం. వంటిల్లు ఇటు జరిగింది, అర్ర అటు జరిగింది, గూనపెంకలు పోయి స్లాబు వచ్చింది, బాత్‌రూం ముందటికి పోయింది. పూటపని ఏండ్లు పట్టింది. తెలంగాణ వచ్చేదాక కడుతనే ఉన్నం. మా అత్త అప్పటి దాక లేదు. ఆ మరుసటి వానకాలంల, బాయి నిండు మీదున్నప్పుడు, నిద్రలనే పోయింది. కష్టపడలే. తాబేలు ఉన్నది. రేపు ఎండెక్కినంక సూపెడుత, నువ్వే మెతుకులెయ్యి.

తెలంగాణ వచ్చిన దినం పటాకులు, రంగులు, ఊరంత బయటనే ఉన్నది. నన్ను సుత రమ్మన్నరు. పోయిన, జరసేపు ఆడిన, వచ్చిన. వచ్చి బాయి గోడకు ఆనుకొని కూసున్న. బయట గంత లొల్లి, లోపట ఆ సల్లదనం. ఇంత పెద్ద సంగతి మన కాళ్ల కిందనే ఉండి, మనకు ఎరుక లేకుంట ఎన్నేండ్లు ఉంటదో సూడు అనిపిచ్చింది. బాయి గురించి అనుకున్ననో, తెలంగాణ గురించి అనుకున్ననో... ఏమో. రెండు కలిసిపోయినయి నాకు.

అయింది. బంద్ చెయ్యి ఫోను. ఆగు, ఒక్క మాట. నువ్వు సదువుకొని ఏ ఊరికి పోయినా, ఏ ఇంట్ల మెట్టినా, నీ కాళ్ల కింద నేల తడిగ ఉండాలె బిడ్డా. నీ చేతి నీళ్లు నలుగురు తాగాలె. సల్లగ... ఇగో, ఎవరో పిలుస్తున్నరు సూడు బయట, నీళ్లకొచ్చినట్టున్నరు. దర్వాజ తియ్యి, పో.